ముస్ చర్చి పునాది ఏ భాషలో పడింది?

కార్ నికోబార్ దీవి ఉత్తరపు కొసన ముస్ అనే చిన్న ఊరుంది. అక్కడి చర్చికి సెయింట్ థామస్ పేరు చూసి కేరళ ఆర్థడాక్స్ శాఖదనుకునేరు, ఇది ఆంగ్లికన్ పాయగా పుట్టింది, 1970 నుంచి ఉత్తర భారత సంఘం (సీఎన్ఐ)లో ఉంది. దాని కథ ఎవరు చెప్పినా తెల్లదొరలు మతం తెచ్చారనే మొదలుపెడతారు. దొరలు ప్రయత్నించిన మాట నిజమే, నిలదొక్కుకోలేదు. పునాది పడింది ఊరి భాష నికోబారీలోనే అంటాను నేను. 1711లో పుదుచ్చేరి నుంచి జెస్యూట్ పాదిరీలు వచ్చారు, వాళ్ల పని సాగలేదు. 1768లో నాన్‌కౌరీ దీవిలో దిగిన మొరావియన్ ప్రొటెస్టంటు పాదిరీలు తమవాళ్లను ఒక్కొక్కరినే మట్టికి అప్పగించి 1787లో వెళ్లిపోయారు. వాళ్లను తరిమింది జ్వరాలు గదా, భాషతో పనేమిటి అనవచ్చు. కానీ దోమే మలేరియా మోస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో తేల్చకముందే మద్రాసీ ఉపదేశి వేదప్పన్ సాల్మన్ ముస్‌లో కాపురం పెట్టి బడి నడిపాడు. జ్వరం అతన్నీ వదిలిపెట్టేది కాదు, అయినా పని ఆగలేదు. కాబట్టి జ్వరం ఒక్కటే కారణమంటే కుదరదు.

సాల్మన్ సర్కారు ఏజెంటు కూడా కదా, ఆ దన్నుతోనే బడి నిలిచిందని మరో ఆక్షేపణ. బడికి దన్ను దొరికింది, ఒప్పుకోవలసిందే. కానీ ఆ పనిని ముందుకు నడిపింది ఊరి బిడ్డే. కాళ్ల మీద నిలబెట్టిన గుండ్రటి ఇంట్లోకి నిచ్చెనెక్కి, నేలలో కోసిన కంత గుండా దూరాల్సి వచ్చేది అక్కడ. అలాంటి ఇంట పుట్టిన హా చెవ్ కా అనే పిల్లవాణ్ణి మాండలే పంపించి చదివించారు. 1912లో అతను జాన్ రిచర్డ్‌సన్‌గా తిరిగొచ్చి తన ఊళ్లోనే పంతులయ్యాడు. అసలు మలుపు ఇదే. 1925లో నికోబారీ నిఘంటువు అచ్చువేసింది జార్జ్ వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు పాదిరీ కదా అంటారా? వేసింది ఆయనే. ఆ మాటలను ప్రార్థనగా పలికించడానికి మాత్రం ఇంటివాడే కావలసివచ్చాడు. బైబిలును నికోబారీలోకి తెచ్చింది రిచర్డ్‌సనే. నికోబారీ మన శ్రీకాకుళం కొండల సవరకు దూరపు బంధువు, రెండూ ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబానివే. సవర వాచకాల కోసం గిడుగు రామమూర్తి పడిన పాటు తెలిసినవారికి ఈ పని బరువు వేరే చెప్పనక్కర్లేదు.

గట్టి రుజువు యుద్ధకాలంలో దొరుకుతుంది. 1942 నుంచి 1945 దాకా దీవి జపాను చేతిలో ఉంది. గూఢచారులన్న అనుమానంతో ఎందరో నికోబారీలను చంపారు. బయటి మిషన్ సాయం తెగిపోయింది. పునాది దొరలదే అయితే చర్చి అప్పుడే కూలాలి. కూలలేదు సరిగదా, యుద్ధం ముగిశాక దీవిలో ఎక్కువమంది క్రైస్తవులయ్యారు. 1950లో రిచర్డ్‌సన్ బిషప్ అయ్యాడు, 1952లో మొదటి లోక్‌సభకు నామినేట్ అయ్యాడు, 1978లో కన్నుమూశాడు. తోటలూ పందులూ ఉమ్మడిగా పెట్టుకునే తుహెట్ కుటుంబాలు కొత్త మతం వచ్చినా చెదరలేదు. ముస్‌లో ఇప్పటికీ ప్రార్థన నికోబారీలోనే.