ఎద్దుకు మూత్రం బిగిస్తే

గుర్రాల గురించి మనుమంచిభట్టు హయలక్షణవిలాసము రచించాడు. ఎద్దు వైద్యం మాత్రం చాలావరకు నోటిమాటగానే సాగింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలో ట్రాక్టరుకు పూర్వం దుక్కి భారమంతా ఎడ్లదే. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింది వరిమళ్లనూ అవే దున్నాయి.

కోడె సాధువు కావాలని విత్తులు కొట్టించేవారు. లేతప్రాయంలోనే వృషణాల హార్మోను ఆగిపోతే మూత్రనాళం సన్నగా మిగులుతుంది. తవుడు ఎక్కువై, నీరు తక్కువైతే పుట్టే రాయి ఆవులో జారిపోవచ్చు. ఎద్దులో నాళపు వంపున చిక్కుకుంటుంది. మూత్రాశయం పగిలితే ప్రాణాంతకం. ఎద్దు పోతే ఆ ఏటి సేద్యమే పోయినట్లు.

పాశ్చాత్యులు పెంచే ఫెర్రెట్, చూపుకు మన ముంగిసలాంటిది, ఇటువంటి బాధే పడుతుంది. విత్తులు తీసిన మగవాటిలో అడ్రినల్ గ్రంథి వికటించి, ప్రోస్టేటు ఉబ్బి, మూత్రం ఆగుతుంది. దారులు వేరైనా రెండింటి వెనుకా మనిషి కత్తెర ఉన్నది.

కనుక మిత్రులారా, దూడకు మరీ లేతగా విత్తులు కొట్టించరాదు. నీరు పుష్కలంగా పెట్టాలి. ముక్కుతూ మూత్రం పోయని పశువును ఆనాడే వైద్యునికి చూపాలి.