వీపు మీద ఇల్లు

గాలి ఈల వెయ్యడం మానేసి అరవడం మొదలెట్టింది. 1960 సెప్టెంబర్ 12. అమెరికాలో లాంగ్ ఐలాండ్, సాగ్ హార్బర్. డోనా తుపాను తీరం మీద పడింది. పెరట్లో పెద్ద ఓక్ చెట్టు తల ఫెళ్లున విరిగింది. లోపల రచయిత జాన్ స్టైన్‌బెక్‌కు రెండు కంగారులు. బయట కొత్త ట్రక్కు ఉంది. అఖాతంలో పడవ ఉంది.

ముందు పడవకే వచ్చింది ముప్పు. లంగరు ఈడ్చుకుంటూ కొట్టుకొచ్చిన వేరే పడవలు దాన్ని అదిమేస్తున్నాయి. ఆయనకు 58 ఏళ్లు. కిందటి డిసెంబరులో పెద్ద జబ్బు చేసి కోలుకున్నాడు. వద్దు వద్దని భార్య ఇలేన్ మొత్తుకుంటున్నా వినకుండా నీళ్లలోకి దూకి, పడవెక్కి, ఇంజన్ రాజేసి, ఎదురుగాలికి దాన్ని అఖాతం నడుమకు నడిపించి, లంగరు దించి, మళ్లీ నీళ్లలోకే దూకి, కొట్టుకుపోతున్న చెట్టుకొమ్మను వాటేసుకుని ఒడ్డున పడ్డాడు. పడవ దక్కింది. ట్రక్కూ దక్కింది. ఆ ట్రక్కు మీదే దేశమంతా తిరగాలని ఆయన పంతం. దాని వీపు మీద ఒక ఇల్లుంది.

ఆ ఇల్లు ఒక ఉత్తరంతో మొదలైంది. తన దేశం గురించి రాస్తూనే పాతికేళ్లుగా దాన్ని సరిగ్గా చూడలేదని ఆయన బాధ. హోటళ్లలో దిగితే జనం గుర్తుపడతారు. వెనక ట్రెయిలర్ తగిలించుకుంటే కొండమలుపుల్లో తిప్పడం నరకం. ఎక్కడపడితే అక్కడ ఆపుకోనివ్వరు కూడా. అందుకే ట్రక్కులు తయారుచేసే కంపెనీ హెడ్డాఫీసుకు రాశాడు: ముప్పావు టన్ను పికప్ కావాలి, దాని మీద చిన్న పడవలో ఉండే క్యాబిన్ లాంటి గది కావాలి. ఆగస్టులో జీఎంసీ బండి వచ్చేసింది. వీ6 ఇంజన్. ఆటోమేటిక్ గేర్లు. దాని మీద క్యాంపర్, అంటే ఆయన అడిగిన గది.

తలుపు తీస్తే ఇద్దరు పడుకునే మంచం, నాలుగు బర్నర్ల స్టవ్, హీటర్, ఫ్రిజ్, దీపాలు. మంట పుట్టాలన్నా, చలవ పుట్టాలన్నా బ్యూటేన్ గ్యాసే. కిటికీలకు దోమతెర. ఒక మూల కెమికల్ టాయిలెట్. స్పానిష్ నవలా నాయకుడు డాన్ క్విక్సోట్ ఎక్కి తిరిగిన బక్కగుర్రం పేరే దీనికీ పెట్టాడు: రోసినాంటే. పదహారో శతాబ్దపు స్పెయిన్ అక్షరాల్లో బండి పక్కన రాయించాడు.

ఇలాంటి క్యాంపర్లలో గది వేరు, ట్రక్కు వేరు. గదిని ట్రక్కు తొట్టిలో కూర్చోబెట్టి బిగిస్తారు. పని అయ్యాక మూలలకు జాకీలు పెట్టి లేపితే, కింద నుంచి ట్రక్కు జారుకుంటుంది. సుఖమే. కానీ గది బరువులో ఎక్కువ పాలు వెనక ఇరుసు మీదే పడుతుంది. ముప్పావు టన్ను పికప్ అంటే పాత లెక్కలో 1,500 పౌండ్లు, దాదాపు 680 కిలోలు మోసే బండి. అందులోంచి గది బరువు తీసేయాలి. మిగిలినదాంట్లోనే మనిషి, కుక్క, సామాను.

సామాను దగ్గరే లెక్క తప్పింది.

గునపం, పార, కప్పీలు, లాగుడు తాళ్లు ఎక్కించాడు. తుపాకులు, గేలాలు ఎక్కించాడు. బోర్బన్, స్కాచ్, జిన్, బ్రాందీ, ఒక కేసు బీరు. ఆపైన 150 పౌండ్ల పుస్తకాలు, అన్నీ ఇంతకాలం చదవకుండా వాయిదా వేసినవే. (ప్రయాణంలో చదివేస్తామనుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్న జబ్బే.) సెప్టెంబర్ 23న పక్కసీటులో చార్లీ అనే పూడిల్ కుక్కను ఎక్కించుకుని బయల్దేరాడు. మూత ఉన్న ప్లాస్టిక్ చెత్తబకెట్లో నీళ్లు, సబ్బుపొడి, మాసిన బట్టలు వేసి, సాగే తాడుతో బీరువాలో కడ్డీకి వేలాడదీశాడు. రోజంతా గతుకులకు బకెట్ ఊగింది. సాయంత్రానికి బట్టలు తెల్లగా వచ్చాయి. గతుకులతోనే పని చేయించుకున్న మనిషి, టైర్ల సంగతి పట్టించుకోలేదు.

ఆరెగన్ రాష్ట్రం. ఆదివారం. వాన.

ఢామ్మంది. బండి ఒక పక్కకు ఒరిగింది. ఆ తర్వాత జరిగింది ఆయనే ‘ట్రావెల్స్ విత్ చార్లీ’లో రాసుకున్నాడు. స్పేర్ టైరు ట్రక్కు అడుగున ఉంది. బురదనీళ్లలో పడుకుని, ముఖం మీద వాన కొడుతుంటే, చేతులు జారుతుంటే, తిట్లన్నీ అయిపోయేదాకా తిట్టుకుని, ఎలాగో చక్రం మార్చాడు. లేచి మిగతా టైర్లు చూసుకున్నాడు. ఇంకో టైరుకు పక్కన బుడిపె లేచింది. అది ఏ క్షణాన్నైనా పేలొచ్చు. స్పేర్ లేదు.

నత్తనడకన పోనిచ్చాడు. ప్రతి గతుక్కీ గుండె జారింది. చివరికి వానలో ఒక పెట్రోలు బంకు కనిపించింది. లోపలి నుంచి భారీ మనిషొకడు వచ్చాడు. ముఖం నిండా మచ్చలు, ఒక కన్ను తెల్లగా. చూడగానే ఆయనకు ఆశ పోయింది.

ఆ మనిషి టైర్లు చూశాడు. గది చూశాడు. ఇంత బరువుకు ఇవి చాలవని తేల్చేశాడు. దుకాణాలన్నీ మూసిన పూట, ఒక్కో నంబరుకూ ఫోన్ చేస్తూ పోయాడు. నాలుగు గంటలు తిరక్కుండానే బరువు మోసే పెద్ద టైర్లు తెప్పించి బిగించేశాడు. స్టైన్‌బెక్ చేతికందినంత బక్షీసు ఇచ్చాడు. ఇంత ఎందుకని ఆ మనిషి మొహమాటపడ్డాడు.

బండి కదలబోతుంటే ఆపి ఇంకో మాట చెప్పాడు. కొత్త టైర్లు పాతవాటికన్నా పెద్దవి, ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతాయి, స్పీడు మీటరు మాత్రం పాత లెక్కే చూపిస్తుంది. ముల్లును నమ్మి తొక్కితే పోలీసులు పట్టుకుంటారు, జాగ్రత్త.