పదికి లెక్కపెట్టే బడి

తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుంది. కోనసీమలో కాలవగట్టు పక్కన ఓ మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. గేటు దగ్గర నాతోపాటు నిలబడండి. రాత్రి కురిసిన వానకు కొబ్బరాకుల కొసల నుంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. పిల్లలు నీళ్ల గుంటలు దాటుకుంటూ కొందరు, కావాలనే తొక్కుకుంటూ కొందరు వస్తున్నారు.

ఆటో ఆగింది. తల్లి ముందు దిగి, వాకర్ కింద పెట్టి, కూతుర్ని నడుం పట్టి దింపింది. పాపకు ఎనిమిదేళ్లు. మూడో తరగతి. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు బిగుసుకుని ఉంటాయి, మాట నెమ్మదిగా వస్తుంది.

“రాత్రి సరిగా పడుకోలేదండి టీచర్‌గారండీ. ఇవాళ కాస్త నీరసంగా ఉంటదేమో.”

“పర్లేదమ్మా, నువ్వెళ్లు. నే చూసుకుంటాగా.”

బడి వరండా నేలకు అడుగున్నర ఎత్తు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలన్న లెక్క ప్రకారం ర్యాంపు పద్దెనిమిది అడుగులు సాగింది. రెండు పక్కలా పట్టుకోడానికి ఇనుప కమ్మీలు. పాప వాకర్ ముందుకు జరుపుతుంది, ఓ కాలు వేస్తుంది, రెండోది ఈడుస్తుంది. ఆమె సంచి భుజాన వేసుకుని ఓ అబ్బాయి పక్కనే, ఆమె నడకతోనే నడుస్తున్నాడు. చెయ్యి సాయం పట్టబోతారేమో, వద్దు. అడిగితేనే పట్టాలని ఇక్కడి పిల్లలందరికీ తెలుసు.

ప్రార్థనకు వరసలు కట్టారు. చాలా బళ్లలో ఒకటో తరగతి వరస ఈ చివర ఉంటుంది. ఇక్కడ మూడో తరగతి వరస ఉంది, ర్యాంపుకు అదే దగ్గర కాబట్టి. మార్చడానికి పైసా ఖర్చు కాలేదు. ఎవరో ఒకరికి తట్టాలి, అంతే.

ప్రార్థన అయ్యాక, పాఠాల గంట కొట్టే ముందు ఒకటో తరగతి గది గుమ్మంలోంచి తొంగి చూడండి. గోడకు వరసగా బొమ్మల కార్డులు తగిలించారు: గంట, పుస్తకం, ఆట, కంచం, ఇల్లు. ఆరేళ్ల బాబు వాటి ముందు నిలబడి ఉన్నాడు. అతనికి ఆటిజం. ఇనుప పట్టా మీద సుత్తి పడితే ఆ మోత మనకు గంట, అతనికి చెవుల్లో గుచ్చుకునే నొప్పి. టీచర్ గంట బొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. బాబు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అప్పుడు మోగింది గంట. అయిపోయాక తనే ఆ కార్డు తీసి కింద డబ్బాలో వేశాడు. ఇక పుస్తకం. రోజు ఎటు నడుస్తుందో కళ్లకు కనబడుతుంటే అతనికి బెంగ ఉండదు. చేరిన కొత్తలో గంట మోగగానే బల్ల కిందకు దూరి గంటల తరబడి ఏడ్చేవాడట. దాన్ని మొండితనం అనుకున్నారు. భయం అని తర్వాత తెలిసింది.

ఇప్పుడు మూడో తరగతిలోకి రండి. వెనక బల్ల మీద కూర్చుందాం.

“పద్దెనిమిది కొబ్బరికాయలు. మూడు గంపల్లో సమానంగా పెట్టాలి. గంపకెన్ని?” టీచర్ వాకర్ పాప వైపు చూసింది.

పాప పెదాలు కదిలాయి. మెడ ఓ పక్కకు వాలింది. మాట ఇంకా రాలేదు. గదిలో చేతులు లేచాయి. టీచర్ తల అడ్డంగా ఆడించగానే దిగిపోయాయి. ఆమె కుడిచేతి వేళ్లు చూడండి, చీర కుచ్చిళ్ల దగ్గర ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. మనసులో లెక్కపెడుతోంది. మూడు, నాలుగు, అయిదు. బయట కాలవలో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు. ఏడు, ఎనిమిది.

“ఆ... రు.”

“ఆరు. ఎలా వచ్చింది నాన్నా?” అంటూ మళ్లీ లెక్క మొదలుపెట్టింది.

పాఠం అయ్యాక టీచర్ మనతో అన్న మాట ఇది: “మొదట్లో ఆమె నోరు తెరవగానే జవాబు నేనే చెప్పేసేదాన్నండి. పాపం, కష్టపడుతోందని. ఐఈఆర్‌పీ మేడమ్ ఓ రోజు వెనక కూర్చుని చూసి, ‘పదికి లెక్కపెట్టి చూడండి టీచర్’ అన్నారు. లెక్కపెట్టాను. తొమ్మిదికి జవాబొచ్చింది. ఏడాదంతా ఆ పిల్ల మాట నేను లాక్కున్నానని ఆ రోజు తెలిసింది.”

ఐఈఆర్‌పీ అంటే విలీన విద్యా రిసోర్స్ పర్సన్. మండల కేంద్రంలోని భవిత కేంద్రం నుంచి వస్తారు. ఇవాళ ఆమె నాలుగో తరగతిలో ఉన్నారు. కిటికీ పక్కన తొమ్మిదేళ్ల పిల్లాడు, ముందు ఇసుక పళ్లెం. చదవడం, రాయడం దగ్గర మాత్రమే చిక్కు. డిస్‌లెక్సియా. మనకు ప, వ రెండు వేరు అక్షరాలు. అతని కంటికి అవి ఒకదాంట్లోకి ఒకటి జారిపోతాయి. మ, య కూడా అంతే. తలకట్టు దీర్ఘమై, ఒత్తు పక్క అక్షరానికి పోయి, గుణింతం గుణింతమే తారుమారవుతుంది. మేడమ్ అతని చూపుడువేలు పట్టుకుని ఇసుకలో ‘మ’ దిద్దించారు. నోటితో అంటూ, వేలితో రాస్తూ, కంటితో చూస్తూ. తర్వాత అట్టముక్క ఇచ్చారు. మధ్యలో ఒక వరస పట్టేంత కిటికీ కోసి ఉంది. పుస్తకం మీద పెడితే ఒక్క వాక్యమే కనిపిస్తుంది, మిగతా పేజీ మీద పడి తరమదు.

ఒక వాక్యం చదవడానికి రెండు నిమిషాలు పట్టింది. నుదుట చెమట. పుస్తకం మూసి, “చేపల చెరువులో నీళ్లెప్పుడు మారుస్తారు?” అని అడిగారు మేడమ్. అంతే. నీళ్ల రంగు, వాసన, పొద్దున్నే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడం, తూము ఎత్తడం, చేతులతో చూపిస్తూ చెప్పుకుపోయాడు. ఈ పిల్లాణ్ణి మొద్దు అన్నవాళ్లున్నారు. పరీక్షలో అతనికి ప్రశ్న చదివి వినిపిస్తే, జవాబు నోటితో చెప్పనిస్తే ఎవరి సొమ్ము పోతుంది?

మధ్యాహ్నం భోజనం గంట. వరండాలో పంక్తులు. వంటావిడ ఆరేళ్ల బాబు కంచంలో అన్నం ఓ పక్క, పప్పు గిన్నెలో వేరే, గుడ్డు మరో పక్క పెట్టింది. ఒకదానికొకటి తగిలితే ముట్టడు. “మా ఇంట్లో మా మనవడు మాత్రం? వంకాయ తగిలిన ముద్ద తినడు. ఎవరి పేచీ వాళ్లదండి” అంది. ఈమెకు ఏ శిక్షణా ఇవ్వలేదు, చూసి నేర్చుకుంది.

తిన్నాక ఏడుపెంకులాట. వాకర్ పాప కుర్చీలో కూర్చుని బంతి విసురుతుంది. పెంకులు పడగానే ఆమె బదులు సంచి మోసిన అబ్బాయి పరుగెత్తుతాడు. ఈ నియమం ఎవరు పెట్టారని అడిగితే, “క్రికెట్‌లో రన్నర్ ఉండడా అండి?” అని మనకే ఎదురు ప్రశ్న.

పెద్ద మాస్టారి గదిలో హాజరు పట్టీ చూడండి. ఐదో తరగతిలో ఒక పేరుంది, బల్ల మీద మనిషి లేడు. కానీ రోజూ ఆ పేరు పిలుస్తారు. “ఇంటి దగ్గరున్నాడండీ” అని తరగతంతా జవాబిస్తుంది.

మూడింటికి ఐఈఆర్‌పీ మేడమ్‌తో ఆ ఇంటికి వెళదాం. పెంకుటిల్లు. నవారు మంచం మీద పదేళ్ల బాబు. మెడ నిలవదు, మాట లేదు. నానమ్మ అతని పెదాల పక్క తడి కొంగుతో తుడిచి పక్కకు జరిగింది. బయటికి కదల్లేని పిల్లలకు చదువు ఇంటికే రావాలి. మేడమ్ రెండు బొమ్మలు ఎత్తి పట్టుకున్నారు. ఒక చేతిలో పడవ, ఇంకో చేతిలో రైలు.

“ఇవాళ ఏ కథ కావాలి కన్నా?”

గదిలో ఫ్యాన్ చప్పుడు. మేడమ్ చేతులు దించలేదు. మీరూ లెక్కపెట్టండి. ఆరు. ఎనిమిది. పది. పదకొండు. బాబు కళ్లు మెల్లగా ఎడమకు జరిగి పడవ మీద నిలిచాయి. “పడవే! నాకు తెలుసు” అంది నానమ్మ. మేడమ్ పడవ కథ మొదలుపెట్టారు.

తిరిగి వస్తూ కాలవగట్టు మీద ఆమె చెప్పారు: ఇలాంటి ఇళ్లు, ఇలాంటి బళ్లు ఆమె జాబితాలో చాలా ఉన్నాయి. ఈ బడికి మళ్లీ వచ్చేది వారం తర్వాతే.

చట్టం ఏమంటోందో కూడా చూద్దాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఏడుగా ఉన్న వైకల్యాల జాబితాను 21కి పెంచింది, ఆటిజాన్నీ, డిస్‌లెక్సియా లాంటి చదువు ఇబ్బందుల్నీ అందులో చేర్చింది. నిర్ణీత స్థాయి వైకల్యమున్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. విలీన విద్య అంటే అందరూ కలిసి చదవడమే కాదు, బోధన పద్ధతిని కూడా ఆ పిల్లలకు తగ్గట్టు మార్చుకోవడం అని స్పష్టంగా రాసింది. 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని చెప్పింది. పదిమందికి ఒకరు. వారానికోసారి వచ్చే మనిషితో ఆ లెక్క తేలదు.

ఈ బడిలో టీచర్ పదికి లెక్కపెట్టడం నేర్చుకుంది. వంటావిడ, పిల్లలు, గంట కొట్టే చెయ్యి కూడా ఆగడం నేర్చుకున్నాయి. పిల్లల కోసం పెద్దవాళ్లు ఆగడం చదువులో భాగం. టీచర్ పోస్టు కోసం పిల్లలు ఏళ్ల తరబడి ఆగడం మాత్రం అన్యాయం. ఎనిమిదేళ్ల వయసు మళ్లీ రాదు.

మీ వీధిలో బడికి రాకుండా ఇంట్లోనే ఉండిపోయిన పిల్లో పిల్లాడో ఉండే ఉంటారు. ఆ తల్లిని దగ్గర్లోని ప్రభుత్వ బడికో, మండలంలోని భవిత కేంద్రానికో తీసుకెళ్లండి. ‘చేర్చుకోం’ అని వాళ్లంటే, చట్టం మీ వైపు ఉందని గుర్తుంచుకోండి. మీరు టీచరైతే, రేపు ప్రశ్న అడిగాక పదికి లెక్కపెట్టండి.

జవాబు తొమ్మిదికే వస్తుందేమో.