మెడ ధమని వైద్యంలో ఆలస్యమైన స్త్రీల లెక్క

మెడకు ఇరువైపులా పైకి సాగే కెరోటిడ్ ధమనులు మెదడుకు రక్తం చేరవేసే ప్రధాన మార్గాలు. వాటి గోడల్లో కొవ్వు పేరుకుని దారి పూడుకుపోయినా, ఆ పూడిక మీద కట్టిన గడ్డ విడివడి పైకి కొట్టుకుపోయినా పక్షవాతం వస్తుంది. చాలాకాలం వైద్యులు కారణాన్ని మెదడు లోపలి నాళాల్లోనే వెతికారు. అసలు చిక్కు చాలాసార్లు మెడలోనే ఉందని కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ 1951లో గట్టిగా చూపించాడు.

ఆ తర్వాత శస్త్రచికిత్సకు ఎంతోకాలం పట్టలేదు. 1953లో హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ ఒక పురుషుడి ధమనిలోని పూడిక తీశాడు గానీ, ఆ సంగతి రెండు దశాబ్దాల తర్వాత గానీ అచ్చుకెక్కలేదు. ప్రపంచానికి ఈ చికిత్సను పరిచయం చేసింది 1954లో లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో జరిగిన ఆపరేషన్. ఈస్ట్‌కాట్, పికరింగ్, రాబ్ వైద్యం చేసిన ఆ రోగి 66 ఏళ్ల గృహిణి. కాలూ చేయీ చచ్చుబడి, మాట తడబడి, కాసేపటికి సర్దుకునే దాడులు ఆమెకు పదేపదే వచ్చేవి. మెదడు దెబ్బతినకుండా శరీరాన్ని చల్లబరిచి, ఇరుకైన భాగాన్ని కోసి తీసి, ధమని కొసలను తిరిగి కలిపారు. ఆమెకు ఆ దాడులు ఆగిపోయాయి.

స్త్రీతో పేరు తెచ్చుకున్న ఈ వైద్యం తన లెక్కలను మాత్రం ఎక్కువగా పురుషుల మీదే కట్టుకుంది. 1978లో కెనడా పరిశోధకులు ఇలాంటి తాత్కాలిక దాడులు వచ్చిన 585 మందిపై ఆస్పిరిన్‌ను పరీక్షించి, అది పక్షవాతాన్నీ మరణాన్నీ తగ్గిస్తుందని తేల్చారు. పురుషుల్లో ఫలితం స్పష్టంగా కనిపించింది, స్త్రీలలో కనిపించలేదు. ఆ పరీక్షలో స్త్రీల సంఖ్యే తక్కువ. అయినా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1980లో తాత్కాలిక దాడులు వచ్చినవారికి ఆస్పిరిన్‌ను అనుమతించినప్పుడు పురుషులకే పరిమితం చేసింది. స్త్రీలను చేర్చింది 1998లో. తక్కువమందిలో ఆధారం దొరకకపోవడాన్ని మందు పనిచేయదన్నట్టుగా తీసుకోవడం ఈ చరిత్రలోని పెద్ద పొరపాటు.

శస్త్రచికిత్స విషయంలోనూ ఇదే ధోరణి. లక్షణాలు లేని పూడికపై 1993లో వెలువడిన అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల అధ్యయనంలో ఉన్న 444 మందీ పురుషులే. అలాంటి పూడికపైనే జరిగిన 1995 నాటి అకాస్ (ACAS) పరీక్షలో 1,662 మంది పాల్గొంటే స్త్రీలు మూడింట ఒక వంతు. ఆపరేషన్ వల్ల పక్షవాత ప్రమాదం పురుషుల్లో 66 శాతం, స్త్రీలలో 17 శాతం తగ్గింది. ఆ 17 శాతం కూడా యాదృచ్ఛికం కాదని చెప్పలేనంత చిన్నది. ఆపరేషన్ చుట్టూ తలెత్తిన చిక్కులు పురుషుల్లో 1.7 శాతమైతే స్త్రీలలో 3.6 శాతం.

ఈ తేడాకు శరీరంలోనూ కారణాలున్నాయి. స్త్రీల ధమని సన్నగా ఉంటుంది. కుట్టు వేయడం కష్టం, తిరిగి ఇరుకయ్యే అవకాశమూ ఎక్కువ. పురుషుల పూడికలో మెత్తని కొవ్వు, లోపలి రక్తస్రావం ఎక్కువగా కనిపిస్తాయి. అలాంటి పూడికే తేలిగ్గా చిట్లుతుంది. అంతమాత్రాన పక్షవాతం మగవాళ్ల జబ్బు కాదు. 1948లో మొదలైనప్పటి నుంచీ స్త్రీలను సమానంగా చేర్చుకున్న అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం ఈ సంగతి తేల్చింది: మధ్య వయసు దాటాక పక్షవాతం వచ్చే జీవితకాల ముప్పు స్త్రీలలో ఐదుగురిలో ఒకరికి, పురుషుల్లో ఆరుగురిలో ఒకరికి. స్త్రీలు ఎక్కువకాలం బతకడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఇక లక్షణాలు కనిపించినవారిపై యూరప్, ఉత్తర అమెరికాల్లో జరిగిన రెండు పెద్ద పరీక్షల లెక్కలను బ్రిటన్ వైద్యుడు రాత్‌వెల్ బృందం 2004లో కలిపి చూసింది. లక్షణాలు కనిపించాక రోజులు గడిచేకొద్దీ ఆపరేషన్ ప్రయోజనం స్త్రీలలో పురుషులకంటే వేగంగా తరిగిపోతోందని తేలింది. పూడిక తీవ్రంగా ఉన్న స్త్రీలకు తొలి రెండు వారాల్లో జరిగిన ఆపరేషనే ఎక్కువ మేలు చేసింది.