ఆమ్‌స్టర్‌డామ్ నగరమున నొక పానశాల



హాలెండు దేశమున ఆమ్‌స్టర్‌డామ్ అను రేవుపట్టణము గలదు. బురదనేలలోఁ గొయ్యలు దిగఁగొట్టి, వానిపై నిండ్లు గట్టుకొన్న యూరది. స్వలింగానురాగులైన స్త్రీపురుషులు నేఁడు పెక్కుదేశములనుండి విహారార్థమై యచటికిఁ బోవుచున్నారు. రాత్రివేళ వారు నిర్భయముగాఁ గూడికొను పానశాలలును నాట్యశాలలును అచట ననేకములు.

ఈ యాదరము ఆ నగరమునకుఁ బుట్టుకతో వచ్చినది గాదు. 1730లో ఆ దేశమున నిట్టివారిని వెదకి పట్టి, పలువురకు మరణశిక్ష విధించిరి. 1811లో ఫ్రెంచివారి శిక్షాస్మృతి అమలునకు రాఁగా నా నేరము తొలఁగెను. కాని స్వదేశపు శాసనసభయే 1911లో నొక క్రొత్త ప్రకరణమును జేర్చి, యితరులకుఁ బదునాఱేండ్లు మేర యుండఁగా, వీరికి నిరువదియొక్క యేండ్లు మేరగా నిర్ణయించెను. ఆ భేదము 1971 వఱకు నిలిచినది.

ఇట్టి కాలమున, 1927లో, బెట్ ఫాన్ బేరెన్ అను స్త్రీ జేడైక్ వీథిలో నొక చిన్న పానశాలను దెఱచెను. పానశాలను గూర్చి ప్రసంగించుట వృద్ధుఁడైన బడిపంతులునకుఁ దగునా యని మీలోఁ గొందఱు నవ్వుకొందురు గాక. చరిత్ర యెల్లప్పుడు దేవాలయములందే నడువదు గదా! ఆమె తోలుదుస్తులు ధరించి మోటారుసైకిలుపైఁ దిరిగెడిది. స్త్రీలయెడఁ దన ప్రేమను దాఁచుకొనలేదు. నావికులు, వేశ్యలు, స్వలింగానురాగులు ఒక్కచోటఁ గూర్చుండెడివారు. వచ్చినవారి నెక్‌టైలను గత్తిరించి పైకప్పునకు వ్రేలాడఁగట్టుట యామె వేడుక. అయినను అనుమతిపత్రము పోవునను భయమున ముద్దులాడుట నిషేధించెను. నాట్యము రాణీదినోత్సవమున మాత్రమే.

1940లో జర్మనులు దేశము నాక్రమించినంతనే, వీరి హక్కులకై 1912 నుండి పాటుపడుచున్న సంఘము మూఁతపడెను. 1946లో షేక్‌స్పియర్ క్లబ్బను పేర మఱియొకటి వెలసెను. పేరు విన్నవారు నాటకసమాజ మనుకొనవలెననియే కాఁబోలు! పిమ్మట నా సంఘమే నడపిన నాట్యశాలకు 1950 దశకమున విదేశయాత్రికులును రాఁజొచ్చిరి.

నాజీలు తమ నిర్బంధశిబిరములలో నిట్టి పురుషుల వస్త్రములపై గులాబిరంగు త్రికోణమును గుట్టించిరి. ఆ గుర్తునే గైకొని, 1987లో వెస్టర్‌కెర్క్ దేవాలయము చెంత, కాలువయొడ్డున, మూఁడు శిలాత్రికోణములతో స్మారకమును నిర్మించిరి. 2001 ఏప్రిల్ 1వ తేదీ అర్ధరాత్రమున ఆ నగరాధ్యక్షుఁడే నాలుగు జంటలకు వివాహము జరిపించెను. లోకమునఁ జట్టసమ్మతమైన స్వలింగవివాహములలో నవియే మొదటివి.

బెట్ దానిని జూడలేదు. 1967లో నామె మరణింపఁగాఁ, దన పానశాలలోని బిలియర్డు బల్లపైననే దేహము నుంచి, జనులకుఁ గడసారి దర్శనము గల్పించిరి. తరువాతఁ బెక్కేండ్లు మూఁతపడియున్న యా పానశాలను 2008లో బంధువులు మరలఁ దెఱచిరి.