పద్నాలుగో కుర్చీ

అమెరికాలో అధ్యాపక ఉద్యోగానికి దరఖాస్తు చేసేవాళ్లని, ‘వైవిధ్యం కోసం మీరేం చేశారు, ఏం చేస్తారు’ అంటూ ఒక పేజీ రాసిమ్మని చాలా యూనివర్సిటీలు అడిగేవి. 2024లో ఎంఐటీ, 2025లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆ షరతు ఎత్తేశాయి. మన దగ్గర ఆ ప్రశ్న అభ్యర్థికి కాదు, సంస్థకి వేశారు. అదీ అంకెల్లో.

నెల్లూరు తీరానికి ఈ లెక్క పాతదే. జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1927 నాటి కమ్యూనల్ జీవో ప్రతి 12 ప్రభుత్వోద్యోగాలని వర్గాలవారీగా పంచింది. అణగారిన వర్గాలకి అందులో వచ్చింది ఒకటి. ఇక్కడి యానాదులకి విడిగా గడే లేదు. వాళ్లలో కొందరి పేర్లు మాత్రం నేరస్థ జాతుల చట్టం పట్టీలోకి ఎక్కాయి. ఆ చట్టం మీద నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య ఏళ్లతరబడి పోరాడారు. దేశమంతటా 1952కి గానీ అది పోలేదు.

రాజ్యాంగం వచ్చాక యానాదులు ఎస్టీలయ్యారు. కేంద్రంలో ఎస్టీల వాటా 7.5 శాతం. కానీ దేంట్లో 7.5 శాతం?

యూనివర్సిటీ మొత్తాన్నీ ఒక యూనిట్‌గా తీసుకోమని 2006లో యూజీసీ చెప్పింది. కాదు, డిపార్ట్‌మెంటే యూనిట్ అని 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది.

చూడ్డానికి చిన్న మార్పే. కోడ్ రాసేవాడిగా నాకు భయం వేసేది ఇలాంటి చిన్న మార్పులంటేనే. ఒకటిని 0.075తో భాగిస్తే 13.33. అంటే ఎస్టీ వంతు వచ్చేది 14వ పోస్టుకి. ఓబీసీకి నాలుగోది, ఎస్సీకి ఏడోది. 30 డిపార్ట్‌మెంట్లు, ఒక్కోదాంట్లో ఇద్దరు ప్రొఫెసర్లు అనుకోండి. మొత్తం 60 మందినీ కలిపి లెక్కేస్తే ఎస్టీలకి నాలుగు కుర్చీలు. విడివిడిగా లెక్కేస్తే ముప్పై సున్నాలు. ఇద్దరే ఉన్న చోట 14వ వంతు రావాలంటే ఒకరి తర్వాత ఒకరు 12 మంది రిటైరవ్వాలి. ఎవరూ ఎవరినీ వద్దనక్కర్లేదు, భాగహారమే ఆ పని చేసిపెడుతుంది.

దేశమంతా ఆందోళనలు జరిగాక 2019 మార్చిలో ఆర్డినెన్సు, జూలైలో చట్టం వచ్చి పాత యూనిట్‌నే తిరిగి నిలబెట్టాయి. అయితే అది కేంద్ర సంస్థలకే. కాకుటూరులోని మా విక్రమ సింహపురి యూనివర్సిటీ రాష్ట్రానిది. దానికి రాష్ట్ర నిబంధనలే.

లెక్క కుర్చీ వేయగలదు, మనిషిని కూర్చోబెట్టలేదు. ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అని సెలక్షన్ కమిటీ ఒక్క ముక్క రాస్తే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది. అందుకే అమెరికా వదిలేసిన ఆ పేజీ మనకి పనికొస్తుందనిపిస్తుంది. కాకపోతే దాన్ని రాయాల్సింది పులికాట్ ఒడ్డు యానాది కాలనీ నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చిన అమ్మాయి కాదు. బల్లకి అవతలివైపు కూర్చున్నవాళ్లు.