అల్పోష్ణస్థితి

అల్పోష్ణస్థితి లేదా హైపోథెర్మియా అనగా శరీరాంతర్భాగపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిపోవుట. ఆరోగ్యవంతుని శరీర ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు ఉంటుంది. శరీరం ఉత్పత్తి చేసే వేడి కంటే కోల్పోయే వేడి ఎక్కువైనప్పుడు ఈ స్థితి ఏర్పడుతుంది. సకాలంలో చికిత్స అందకపోతే ఇది ప్రాణాంతకం.

కారణాలు

మెదడులోని హైపోథాలమస్ శరీర ఉష్ణోగ్రతను నియంత్రిస్తుంది. చలి వేసినప్పుడు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, కండరాలు వణికి వేడిని పుట్టిస్తాయి. ఈ ఏర్పాటు చాలనప్పుడు ఉష్ణోగ్రత పడిపోతుంది. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగివేస్తుంది. అందువలన తడిబట్టలు, ఈదురుగాలి ఉంటే గడ్డకట్టేంత చలి లేకపోయినా అల్పోష్ణస్థితి రావచ్చు. 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు రక్షణ తొడుగులు ధరించి నీటిపై తేలుతూ ఉన్నవారిలో అనేకులు చలి వలననే మరణించారు.

నవజాత శిశువులు, వృద్ధులు, మద్యం సేవించినవారు, థైరాయిడ్ లోపం ఉన్నవారు త్వరగా దీనికి లోనవుతారు.

దశలు, లక్షణాలు

* స్వల్ప దశ (32–35 డిగ్రీలు): తీవ్రమైన వణుకు, మాట తడబడుట, చేతులు పట్టు తప్పుట.
* మధ్యమ దశ (28–32 డిగ్రీలు): వణుకు క్రమంగా ఆగిపోవుట, మగత, అయోమయం. కొందరు భ్రాంతితో తమ బట్టలు తామే విప్పివేస్తారు.
* తీవ్ర దశ (28 డిగ్రీల కంటే తక్కువ): స్పృహ కోల్పోవుట, నాడి అందకపోవుట, గుండె లయ తప్పి ఆగిపోవుట.

వణుకు ఆగడం కోలుకున్నట్లు సూచన కాదు, పరిస్థితి విషమించినట్లు గుర్తు కావచ్చు. సాధారణ పాదరసపు జ్వరమాని 35 డిగ్రీల కంటే తక్కువ చూపదు కాబట్టి నిర్ధారణకు ప్రత్యేక ఉష్ణమాపకం అవసరం.

ప్రథమ చికిత్స

రోగిని గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు తొలగించి, పొడి దుప్పట్లు కప్పాలి. తల, మెడ కూడా కప్పాలి. నేల చలి తగలకుండా కిందను కూడా దుప్పటి పరచాలి. ఛాతీ, చంకల వద్ద గుడ్డలో చుట్టిన వేడినీటి సీసాలు ఉంచవచ్చు. పూర్తి స్పృహ ఉండి మింగగలిగితే వెచ్చని తీపి పానీయం ఇవ్వవచ్చు.

చేయకూడనివి:
* కాళ్ళు చేతులు రుద్దరాదు. అధికంగా కదిలిస్తే చల్లబడిన గుండె లయ తప్పవచ్చు.
* మద్యం ఇవ్వరాదు. అది చర్మపు రక్తనాళాలను విప్పార్చి వేడిని మరింత పోగొడుతుంది.
* మంట దగ్గర గానీ వేడినీటిలో గానీ ఉంచరాదు.

నాడి చాలా మెల్లగా ఉండవచ్చు కనుక ఒక నిమిషం వరకు పరీక్షించాలి. నాడి, శ్వాస లేకపోతే గుండె మర్దన, కృత్రిమ శ్వాస మొదలుపెట్టి వైద్య సహాయం వచ్చేవరకు కొనసాగించాలి.

ఆసుపత్రి చికిత్స

వేడిగాలి దుప్పట్లు, వెచ్చబరచిన సెలైన్, తేమతో కూడిన వెచ్చని ఆమ్లజని ఉపయోగిస్తారు. గుండె ఆగినవారి రక్తాన్ని యంత్రం ద్వారా శరీరం వెలుపల వేడిచేసి తిరిగి ఎక్కిస్తారు. చలి మెదడుకు ఆమ్లజని అవసరాన్ని తగ్గిస్తుంది కాబట్టి, శరీరం వెచ్చబడకముందే మరణాన్ని నిర్ధారించుటకు వైద్యులు తొందరపడరు. 1999 మే 20న నార్వేలో స్కీయింగ్ చేస్తున్న స్వీడన్ వైద్యురాలు ఆన్నా బోగెన్‌హోల్మ్ గడ్డకట్టిన వాగులో పడి 80 నిమిషాలు మంచు కింద చిక్కుకున్నది. ఆమె శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయి, గుండె ఆగిపోయింది. ట్రోమ్సో ఆసుపత్రి వైద్యులు ఆమె రక్తాన్ని యంత్రంతో వేడిచేసి బ్రతికించారు. తరువాత ఆమె అదే ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా పనిచేసింది.

నవజాత శిశువులు

శిశువులలో 36.5 డిగ్రీల కంటే తగ్గినా అల్పోష్ణస్థితిగానే పరిగణిస్తారు. వేసవిలో కూడా, వెచ్చని ప్రాంతాలలో కూడా ఇది సంభవిస్తుంది. పుట్టిన వెంటనే శిశువును తుడిచి ఆరబెట్టుట, తొలి స్నానాన్ని కనీసం 24 గంటలు వాయిదా వేయుట, తల్లిపాలు పట్టుట ముఖ్యం. బరువు తక్కువ శిశువును తల్లి ఛాతీకి చర్మం తగిలేలా హత్తుకొని ఉంచే కంగారూ సంరక్షణ పద్ధతి 1978లో కొలంబియా దేశపు బొగోటాలో మొదలైంది. ఖర్చు లేని ఈ పద్ధతి నేడు భారతదేశంలోని ఆసుపత్రులలో కూడా అమలులో ఉన్నది.